ప్యాకింగ్ లైన్ మాటిమాటికీ ఆగుతోంది: ఆపరేటర్ పని ఎక్కడిదాకా, ఫిట్టర్ పని ఎక్కణ్ణించి?

#1 గంజాం_షిఫ్ట్

అందరికీ నమస్కారం. ఒడిశాలో బరంపురం, ఛత్రపురం మధ్య ఉన్న మిక్చర్, కారప్పూస యూనిట్ గురించి అడుగుతున్నాను. రెండు ఫ్రైయర్లు, ఒక మసాలా డ్రమ్ము, ఆరు నిలువు పౌచ్ మెషిన్లు. ఐదు రూపాయలు, పది రూపాయల ప్యాకెట్లు. మూడు షిఫ్టులు నడుస్తాయి. షిఫ్టుకి ఆరుగురు ఆపరేటర్లు, పన్నెండు మంది హెల్పర్లు, ఇద్దరు ఫిట్టర్లు, ఒక ఎలక్ట్రీషియన్.

పెద్ద బ్రేక్‌డౌన్లు తక్కువే. మూడేసి, ఐదేసి నిమిషాల ఆగడాలే ప్రాణం తీస్తున్నాయి. సీల్ లీకు, ఫిల్మ్ పక్కకి జరగడం, ప్రింటు మార్కు తప్పడం. ఒక షిఫ్టు ఆపరేటర్ టెంపరేచర్ పెంచుతాడు, తర్వాతి షిఫ్టు వాడు తగ్గిస్తాడు. ఫిట్టర్లని అడిగితే "ఆపరేటర్లు కెలికేస్తున్నారు" అంటారు. ఆపరేటర్లేమో "పిలిస్తే రారు" అంటారు. లాగ్‌బుక్కులో రోజూ ఒకటే రాత: "సీల్ ప్రాబ్లం, సరిచేశాం". సగం మందికి ఒడియా, సగం మందికి తెలుగు. ఈ రెండు జట్లనీ ఒక దారిలో పెట్టాలంటే ఎక్కడ మొదలెట్టాలి?

#2 రాయగడ_రెంచి

లాగ్‌బుక్కు దగ్గరే మొదలెట్టండి. "సీల్ ప్రాబ్లం" అన్న రాతతో ఏ ఫిట్టరూ ఏమీ చేయలేడు. ప్రతి మెషిన్‌కీ అట్టకి క్లిప్పుతో ఒక కాగితం వేలాడదీయండి. గడులు ఐదు: ఎన్నింటికి ఆగింది, ఎన్నింటికి నడిచింది, ఎక్కడ (అడ్డ సీలు, నిలువు సీలు, ఫిల్మ్ రోలర్, కత్తి, తూకం, తేదీ కోడింగ్), ఏం కనిపించింది, ఏం చేశారు. ఆగింది రెండు నిమిషాలే అయినా గీత పడాల్సిందే. రెండు వారాలు ఇంకేమీ మార్చకుండా ఇదొక్కటి చేయండి.

చిన్న ఆగడాలు రాయకపోతే అవి ఎక్కడ దాక్కుంటాయో లెక్కలో చూపిస్తాను. షిఫ్టు 480 నిమిషాలు, విరామం 30 తీసేస్తే 450. రాసిన ఆగడాలు 63 నిమిషాలు అనుకోండి. నడిచింది 387, అంటే 86 శాతం. మెషిన్ వేగం నిమిషానికి 50 అయితే 387 నిమిషాల్లో 19,350 ప్యాకెట్లు రావాలి. వచ్చినవి 16,448 అయితే అది 85 శాతం. అందులో మంచివి 16,119, అంటే 98 శాతం. మూడూ గుణిస్తే 71.6 శాతం, రావాల్సిన మంచి ప్యాకెట్లలో వచ్చినవి అంతే. మేనేజర్లు పట్టుకునేది ఆ 63 నిమిషాలని. నడిచిన సమయంలోనే 2,902 ప్యాకెట్లు తగ్గాయి. వేగం తగ్గించి నడపడం, ఎవరూ రాయని చిన్న ఆగడాలు, రెండూ కలిసి మింగినవి అవి. మీ సమస్య అంతా ఆ 85 లోనే ఉంది.

#3 పర్లాకిమిడి_ప్యాకింగ్

రెంచి అన్న చెప్పింది సరైన మాట. అయితే రెండు వారాలు ఆగక్కర్లేని పని ఒకటుంది. లీకు ప్యాకెట్‌ని పారేయకుండా చూడటం నేర్పండి. లీకు ఎక్కడుందో తెలిస్తే కారణం సగం తెలిసినట్టే. నీళ్ళలో ముంచి నొక్కితే బుడగ ఎక్కణ్ణించి వస్తుందో కనిపిస్తుంది.

అడ్డ సీలులో ఎప్పుడూ ఒకే చివర నుంచి బుడగ వస్తుంటే జా (ఫిల్మ్‌ని నొక్కి అతికించే వేడి దవడ) ఒక పక్క తక్కువగా నొక్కుతోంది, లేదా ఆ పక్క హీటర్ పోయింది. సరిగ్గా మధ్యలో, వెనక నిలువు సీలు అడ్డ సీలుని దాటే చోట వస్తుంటే అది మడత దగ్గర లీకు. అక్కడ ఫిల్మ్ రెండు పొరలకి బదులు నాలుగు పొరలు ఉంటుంది. ఒత్తిడి, వేడి చాలకపోతే మొదట నోరు తెరిచేది ఆ మెట్టే. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ వస్తుంటే సీలులో కారం, నలకలు పడుతున్నాయి. అప్పుడు జా జోలికి పోకండి, సరుకు పడే సమయం చూడండి. జా మూసుకునేటప్పటికి సరుకు తోక ఇంకా పడుతూ ఉంటుంది.

జా సమంగా ఉందో లేదో చూడటానికి కార్బన్ కాగితం చాలు. హీటర్లు ఆపి, జా చల్లారాక, రెండు తెల్ల కాగితాల మధ్య కార్బన్ పెట్టి జాగ్ మీద (బటన్ నొక్కినంతసేపే మెషిన్ కదిలేలా) ఒక్కసారి మూయండి. పళ్ళ గీతలు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే నలుపులో పడాలి. ఒక పక్క వెలిసినట్టుంటే ఆ పక్క సర్దుబాటు కావాలి. జా వేడికి కొంచెం సాగుతుంది కాబట్టి సర్దాక వేడి మీద ఫిల్మ్‌తో మళ్ళీ చూసుకోవాలి. ఈ కాగితాలు తేదీ, మెషిన్ నంబరు వేసి ఫైల్లో ఉంచండి. మూడు నెలల తర్వాత పక్కపక్కన పెడితే జా ఎటు అరుగుతోందో కళ్ళకి కడుతుంది.

హీటర్ బతికుందో లేదో తెలుసుకోవడానికి: జాలో దూర్చే 230 వోల్టుల 250 వాట్ల కార్ట్రిడ్జ్ హీటర్ సుమారు 1.1 ఆంపియర్ తీసుకుంటుంది, చల్లగా కొలిస్తే 210 ఓమ్‌ల చుట్టూ చూపించాలి. ఒక జాలో రెండు హీటర్లు ఉండి ఒకటి పోతే, థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సార్) బతికున్న హీటర్ పక్కనుంటే డిస్‌ప్లే మీద 150 చక్కగానే కనిపిస్తుంది. అవతలి చివర మాత్రం చల్లగా ఉంటుంది. ఆపరేటర్ టెంపరేచర్ పెంచడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. అతని తప్పేం లేదు, ప్యాకెట్ లీకవుతోంది, చేతిలో ఉన్నది ఆ ఒక్క బటనే.

#4 గంజాం_షిఫ్ట్

అన్నా, మరి టెంపరేచర్‌కి పాస్‌వర్డ్ పెట్టేయమంటారా? మా ఎలక్ట్రీషియన్ అదే అంటున్నాడు.

#5 రాయగడ_రెంచి

పెట్టేయండి. సెట్టింగు ఫిట్టర్ పని.

#6 పర్లాకిమిడి_ప్యాకింగ్

ఇక్కడ ఒప్పుకోను అన్నా. రాత్రి రెండింటికి ఇద్దరు ఫిట్టర్లూ ఫ్రైయర్ కన్వేయర్ మీద ఉంటే ఆపరేటర్ లీకు ప్యాకెట్లు తీస్తూనే ఉంటాడు. పూర్తిగా కట్టేయకూడదు, పూర్తిగా వదిలేయకూడదు. జా వేడిని నడిపే పీఐడీ కంట్రోలర్లలో సెట్ పాయింటుకి (మనం పెట్టే వేడి అంకెకి) కింది హద్దు, పై హద్దు పెట్టుకునే వీలుంటుంది. ముందు ఆ ఫిల్మ్‌కి సరైన కిటికీ, అంటే సీలు బాగా పట్టే కనిష్ఠ, గరిష్ఠ వేడి, కనుక్కోండి. మామూలు వేగంలో నడుపుతూ, సీలు ఊడిపోయే చోట మొదలెట్టి 5 డిగ్రీల చొప్పున పెంచుతూ పోండి, ఫిల్మ్ ముడుచుకుని సీలు పెళుసెక్కే దాకా. ఉదాహరణకి 130 దగ్గర ఊడి, 135 దగ్గర పట్టి, 160 దగ్గర ముడుచుకుంటే మధ్యలో 147 పెట్టండి. ఆపరేటర్‌కి అటూ ఇటూ 5 డిగ్రీలు ఇవ్వండి. అయిదు డిగ్రీలతో లీకు ఆగకపోతే రోగం టెంపరేచర్‌ది కాదని అర్థం, ఫిట్టర్‌ని పిలవాలి. ఫిల్మ్ సప్లయర్ మారినా, వేగం మారినా కిటికీ మళ్ళీ కొలవాలి. నిమిషానికి 40 నుంచి 60కి వెళ్తే జా మూసి ఉండే సమయం తగ్గుతుంది కదా.

#7 రాయగడ_రెంచి

హద్దులు పెట్టే వీలుంటే సరే, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒక్క జాగ్రత్త. కంట్రోలర్ మార్చినప్పుడు థర్మోకపుల్ రకం, జే నా కే నా, సరిగ్గా పెట్టారో లేదో చూడండి. తప్పు పెడితే అంకె నమ్మకంగానే కనిపిస్తుంది, నిజం మాత్రం కాదు. థర్మోకపుల్ రంధ్రంలోంచి జారి బయట వేలాడితే ఇంకా ప్రమాదం. అది తక్కువ చూపిస్తుంది, హీటర్ ఆగకుండా కాలుతుంది.

#8 పలాస_పప్పు

మాది జీడిపప్పు వైపు, మెషిన్లు వేరు. అయినా ఒక మాట చెప్తాను. లీకు మొదట కంటపడేది ఆపరేటర్‌కి కాదు, ప్యాకెట్లని సంచుల్లో సర్దే ఆడవాళ్ళకి. చేతిలోకి తీసుకోగానే మెత్తగా తగులుతుంది. మా దగ్గర గ్రేడింగ్ బల్లల మీద కూర్చునే వాళ్ళకే కటింగ్ బ్లేడు ఎప్పుడు తప్పిందో ముందు తెలుస్తుంది, ముక్కలు పెరుగుతాయి. "వరుసగా మూడు మెత్తటి ప్యాకెట్లు వస్తే మెషిన్ ఆపించొచ్చు" అన్న హక్కు హెల్పర్లకి ఇవ్వండి. ఇచ్చాక, వాళ్ళు ఆపించిన మొదటి రోజు ఎవరూ గొంతెత్తకుండా మీరు దగ్గర నిలబడండి. ఆ ఒక్క రోజు తిట్టు పడిందా, ఇంకెప్పుడూ చెప్పరు.

#9 గంజాం_షిఫ్ట్

ఇది నాకు తట్టనేలేదు. ధన్యవాదాలు. మరి రోజువారీ శుభ్రం, గ్రీజు, బిగింపు ఆపరేటర్‌కి ఇస్తే ఏవి ఇవ్వాలి? ఫిట్టర్లు "మా పని వాళ్ళ చేత చేయిస్తారా" అని మొహం ముడుస్తున్నారు.

#10 రాయగడ_రెంచి

చూపుతో, గుడ్డతో, బ్రష్‌తో అయ్యేది ఆపరేటర్‌ది. కొలత, సర్దుబాటు, విప్పడం ఫిట్టర్‌ది. మధ్యలో మిగిలే నాలుగైదు పనులు పేరుపెట్టి రాసుకోవాలి.

ఆపరేటర్‌కి షిఫ్టు మొదట్లో పది నిమిషాలు, మెషిన్ ఆపి ఇవ్వండి. ఉత్పత్తి లక్ష్యంలో ఆ పది నిమిషాలు ముందే తీసేసి ఉండాలి. లేకపోతే వారం తిరక్కుండా ఆ పని కాగితం మీదే జరుగుతుంది. ఆ పదిలో: జా పళ్ళు ఇత్తడి బ్రష్‌తో, మార్కు సెన్సార్ కన్ను పొడి మెత్తని గుడ్డతో, ఫిల్మ్ రోలర్ల మీద అంటుకున్న పొడి, పుల్లింగ్ బెల్టుల మీద పగుళ్ళు, ఫిల్మ్‌ని గొట్టంలా మలిచే కాలర్ బోల్టులు వదులున్నాయా, గాలి ఫిల్టర్ గిన్నెలో నీళ్ళున్నాయా. స్టీల్ బ్రష్ ఆ గదిలోనే కనపడకూడదు. పోగు ఊడి ప్యాకెట్లో పడుతుంది, జా పళ్ళనీ గీస్తుంది. ఇత్తడి బ్రష్ వాడినా సరుకు దారి మూసి తుడవాలి, మొదటి పది ప్యాకెట్లు పక్కన పడేయాలి. టెఫ్లాన్ గుడ్డ వేసే మెషిన్లలో గుడ్డ నేత పోగులు బయటపడగానే మార్చాలి. అది గాజు పోగు, తినే వస్తువులో పడే వస్తువు కాదు.

ఇక ఫిట్టర్ల మొహం సంగతి. వాళ్ళ చేత ఆపరేటర్లకి నేర్పించండి. ఎవరి దగ్గర ఎవరు నేర్చుకున్నారో గోడ మీద నైపుణ్యాల పట్టికలో రాయండి. నాలుగు మెట్లు చాలు: చూశాడు, పక్కనుంటే చేస్తాడు, ఒంటరిగా చేస్తాడు, నేర్పగలడు. నేర్పిన మనిషి పేరు కూడా పక్కన ఉంటే ఆ పని అతని చేయి దాటిపోయినట్టు అనిపించదు.

#11 పర్లాకిమిడి_ప్యాకింగ్

గ్రీజు మాత్రం ఆపరేటర్లకి ఇవ్వకండి, కనీసం మొదటి ఆరు నెలలు. గ్రీజు తక్కువై చచ్చిన బేరింగులకంటే ఎక్కువై చచ్చినవి తక్కువేం కాదు. ఎక్కువైతే బేరింగ్ సీలు తోసుకుని బయటికొస్తుంది, కింద సరుకుంటే దానిమీద పడుతుంది.

మోతాదు లెక్క సులువు: బేరింగ్ బయటి వ్యాసం, వెడల్పు మిల్లీమీటర్లలో గుణించి 0.005తో గుణిస్తే గ్రాములు. 6205 నంబరు బేరింగ్‌కి 52 × 15 × 0.005, అంటే 3.9 గ్రాములు. 6206కి సుమారు 5. మీ గన్ను ఒక్క నొక్కుకి ఎంత వదులుతుందో కొలవండి. పది నొక్కులు కాగితం మీద వదిలి తూకం వేసి పదితో భాగించండి. నొక్కుకి 1.3 గ్రాములు వస్తే 6205కి మూడు నొక్కులు. బేరింగ్ పక్కన ఆ మూడూ పెయింట్‌తో మూడు చుక్కలుగా పెట్టేయండి. చుక్కలకి భాష అక్కర్లేదు.

సరుకు తగిలే చోటుకి పైన ఉన్న ప్రతిదానికీ హెచ్1 రకం (పొరపాటున సరుకుకి తగిలినా పరవాలేదని ఒప్పుకున్న) ఫుడ్ గ్రేడ్ గ్రీజే. బాయిలర్ గదికీ బయటి కన్వేయర్లకీ వేరే గన్ను, వేరే రంగు, వేరే బీరువా. రెండు రకాల గ్రీజులు ఒకే బేరింగులో కలపకండి. గ్రీజుని చిక్కబరిచే సబ్బు రకం ఒకదానికొకటి పడకపోతే పలచబడి కారిపోతుంది.

#12 గోపాలపురం_గాలి

గాలి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తాను. ఛత్రపురం వైపు అంటే సముద్రం దగ్గరే. ఉప్పు గాలి, చెమ్మ. జా సిలిండర్ నెమ్మదించి సీలు లీకైనా ఇక్కడ మొదట జా మీదకే పోతారు. ముందు గేజి చూడండి. మెషిన్ దగ్గర 6 బార్ ఉండాల్సింది, ఆరు మెషిన్లూ ఒకేసారి తీసుకునేటప్పుడు 4.8కి పడిపోతోందేమో. సూది కదులుతుంటే పైపు సన్నం, లేదా ఫిల్టర్ మూసుకుపోయింది.

మెయిన్ పైపుకి 100 మీటర్లకి ఒక మీటరు వాలు ఉండాలి, చివర నీళ్ళు చేరడానికి కిందికి దిగే పైపు ముక్క ఉండాలి. మెషిన్‌కి తీసే గొట్టం పైపు పైభాగం నుంచి తీయాలి. కింద నుంచి తీస్తే నీళ్ళన్నీ సోలెనాయిడ్ (సిలిండర్‌కి గాలి వదిలే కరెంటు వాల్వు) లోకే. రిసీవర్ ట్యాంకు డ్రెయిన్ షిఫ్టుకోసారి తెరవాలి, ఆటో డ్రెయిన్ ఉన్నా చేత్తో చూడాలి.

లీకు కొలత ఆదివారం ప్లాంటు ఆగినప్పుడు చేయండి. కంప్రెసర్ ఒక్కటే నడిపి, లోడ్‌లో (గాలి నింపుతూ) ఎంతసేపు, అన్‌లోడ్‌లో (గాలి నింపకుండా) ఎంతసేపు రాయండి. లోడ్ ఒకటిన్నర నిమిషం, అన్‌లోడ్ నాలుగున్నర నిమిషాలైతే 1.5ని 6తో భాగించండి: 25 శాతం గాలి ఊరికే పోతోంది. పది లోపలికి తెచ్చుకోవాలి. సబ్బు నీళ్ళు, ఒక బ్రష్, ఇద్దరు మనుషులు చాలు. లీకు దాచడానికి ప్రెషర్ పెంచేస్తారు. ఒక్క బార్ పెంచితే కరెంటు 6, 7 శాతం ఎక్కువ లాగుతుంది.

ఇంకొకటి, వానాకాలంలో కరెంటు ప్యానెల్ ఏసీని 22 మీద పెట్టకండి. తలుపు తెరవగానే చెమ్మ గాలి చల్లటి టెర్మినళ్ళ మీద నీరై కూర్చుంటుంది. 32, 35 మధ్య చాలు. తలుపు రబ్బరు, కేబుల్ రంధ్రాల మూతలు సరిగా ఉంటే ఏసీకి పని తక్కువే. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు కరెంటు తీసేసి పోవడం ఒక్కటే కాదు, తిరిగి ఇచ్చేముందు మోటార్లకి మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూసే మనిషి పేరు ముందే రాసి ఉండాలి. 2013లో ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటింది, 2018లో తిత్లీ పలాస వైపు. ఈ తీరంలో అది అరుదుగా చేసే పని కాదు.

#13 గంజాం_షిఫ్ట్

చాలా పనికొచ్చింది గురువుగారూ. ఇక "పిలిస్తే రారు" అన్న గొడవ?

#14 రాయగడ_రెంచి

బోర్డు. మూడు గడులు: పిలిచిన టైము, వచ్చిన టైము, నడిచిన టైము. మొదటిది ఆపరేటర్ రాయాలి, రెండోది ఫిట్టర్, మూడోది ఇద్దరూ ఒప్పుకుని. మాటల్లో జరిగే పోట్లాట అంకెల్లోకి వస్తే చల్లారుతుంది. రావడానికి ఎక్కువసేపు పడుతుంటే ఫిట్టర్లు సరిపోవట్లేదు, లేదా ఒకేసారి రెండు చోట్ల పని పడుతోంది. వచ్చాక ఎక్కువసేపు పడుతుంటే స్పేర్లు దూరంగా ఉన్నాయి. రెండింటికీ మందు వేరు.

ఆరు మెషిన్లకి లైన్ పక్కనే తాళం బీరువాలో: హీటర్లు నాలుగు, థర్మోకపుల్స్ నాలుగు, కత్తులు మూడు, పుల్లింగ్ బెల్టులు రెండు జతలు, హీటర్లకి కరెంటు ఇచ్చి ఆపే ఎస్‌ఎస్‌ఆర్ రిలేలు రెండు, సోలెనాయిడ్ కాయిల్స్ రెండు, మార్కు సెన్సార్ ఒకటి. రాత్రి షిఫ్టుకి స్టోర్ మూసి ఉంటుందని బ్రేక్‌డౌన్ ఆగదు.

షిఫ్టు మార్పిడి ఆఫీసులో వద్దు, మెషిన్ దగ్గరే. వెళ్ళే ఆపరేటర్, వచ్చే ఆపరేటర్, ఒక ఫిట్టర్. ప్రతి మెషిన్ దగ్గర ఒక్క నిమిషం. లోపం కనిపించి వెంటనే చేయలేనిది ఉంటే ట్యాగు కట్టాలి: ఆపరేటర్ చేయగలిగితే తెల్లది, ఫిట్టర్ కావాలంటే ఎర్రది. ట్యాగు మీద రాత రెండు భాషల్లో అచ్చు వేయించండి, రాయాల్సినది బొమ్మ మీద గుండ్రం చుట్టేలా ఉండాలి.

#15 పలాస_పప్పు

పెద్ద పనులకి తేదీ ఎంచుకునేటప్పుడు రజ పండగ చూసుకోండి బాబూ. జూన్ నడిమి మూడు రోజులు ఒడియా వాళ్ళు రారు, ముఖ్యంగా ఆడవాళ్ళు. హాజరు ఎలాగూ ఉండదు, వానలు కూడా అప్పుడే మొదలవుతాయి. సాలుకోసారి విప్పే గేర్‌బాక్సులు, ఫ్రైయర్ చైన్, ప్యానెళ్ళ బిగింపు ఆ మూడు రోజుల్లో పెట్టుకోవచ్చు. తెలుగు ఫిట్టర్లని అప్పుడు ఉంచి, సంక్రాంతికి వాళ్ళని వదిలేసి ఒడియా వాళ్ళని ఉంచితే ఇద్దరికీ సమ్మతమే. బరంపురంలో రెండేళ్ళకోసారి వచ్చే ఠకురాణి జాతర నెలలో మాత్రం ఏ పెద్ద పనీ పెట్టకండి.

#16 పర్లాకిమిడి_ప్యాకింగ్

ఫిట్టర్ పని అయ్యాక అప్పజెప్పడం గురించి. తినే వస్తువుల ఫ్యాక్టరీలో మెషిన్ తిరిగితే పని అయిపోయినట్టు కాదు. తెచ్చిన పనిముట్లు, విప్పిన నట్లు, వాషర్లు లెక్క సరిపోవాలి. అయస్కాంతం అంటుకునే అడుగున్న ట్రే ఒకటి ప్రతి ఫిట్టర్‌కీ ఇవ్వండి, కొత్తవెన్ని, పాతవెన్ని అందులోనే లెక్క పెట్టేలా. స్టెయిన్‌లెస్ స్టీలు వాషర్ దానికి సరిగా అంటుకోదు, దానికి మూతున్న డబ్బా వేరే. లెక్క తగ్గితే మెషిన్ నడపకూడదు. తర్వాత తుడవడం, ఆపరేటర్ సంతకం, క్వాలిటీ సంతకం.

మెటల్ డిటెక్టర్ పరీక్ష ముక్కలతో చూడాలి. ఇనుము 1.5, ఇత్తడి లాంటివి 2.0, స్టెయిన్‌లెస్ 2.5 మిల్లీమీటర్లు చాలా చోట్ల వాడేవి, మీ డిటెక్టర్ నోరు కొలత బట్టి మారతాయి. వెండిరంగు మెటలైజ్డ్ ఫిల్మ్‌లో ప్యాక్ అయ్యాక మామూలు డిటెక్టర్ ఆ ఫిల్మ్‌కే మోగొచ్చు. అందుకే సరుకు ప్యాకెట్లో పడకముందే పట్టాలి. పరీక్ష గంటకోసారి చేయండి. ఫెయిలైతే చివరి మంచి పరీక్ష తర్వాత తీసిందంతా పక్కన పెట్టాలి. గంటైతే ఒక గంట సరుకు, షిఫ్టుకోసారి అయితే షిఫ్టు సరుకు మొత్తం.

#17 రాయగడ_రెంచి

ఫ్రైయర్ సంగతి రెండు ముక్కల్లో. నూనె వేడికి నడిపే కంట్రోలర్ కాక, వేరే సెన్సార్‌తో వేరే కట్ఆఫ్ ఉండాలి, నెలకోసారి నిజంగా ట్రిప్ అవుతుందో లేదో చూడాలి. అడుగున చేరే నలకలు ప్రతి షిఫ్టూ తీయాలి, అవి మాడితే నూనె త్వరగా పాడవుతుంది. ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జూలై 1 నుంచి నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె పదేపదే కాగి పాడయ్యేకొద్దీ పెరిగేవి) 25 శాతం దాటకూడదని పెట్టింది. మీటరుతో కొలిచి రాసేది ఫ్రైయర్ ఆపరేటరే అయితే బాగుంటుంది. నూనె మంటకి నీళ్ళు వద్దు అన్నది హెల్పర్ దగ్గర్నుంచి అందరికీ తెలిసుండాలి.

ఏ మెషిన్‌లో చేయి పెట్టినా ముందు మెయిన్ ఆఫ్, తాళం, తాళంచెవి చేయి పెట్టినవాడి జేబులో. గాలి కూడా వదిలేయాలి. కరెంటు తీసినా సిలిండర్‌లో 6 బార్ ఉంటే జా మూసుకుంటుంది, వేళ్ళు పోతాయి.

#18 గంజాం_షిఫ్ట్

సోమవారం నుంచి ఆగిన టైముల కాగితం, మూడు గడుల బోర్డు మొదలెడుతున్నాను. హెల్పర్ల హక్కు సంగతి మూడు షిఫ్టుల్లోనూ నేనే నిలబడి చెప్తాను. కిటికీ కొలత ఒక మెషిన్ మీద ఈ ఆదివారం. ఒక చిన్న అనుమానం మిగిలింది. రెండు నంబరు మెషిన్‌లో ప్యాకెట్లు లడీగా పడుతున్నాయి, కొన్ని తెగట్లేదు, కొన్ని చిరిగి తెగుతున్నాయి. కత్తి మార్చినా నాలుగు రోజులకి మళ్ళీ అంతే.

#19 పర్లాకిమిడి_ప్యాకింగ్

నాలుగు రోజులకే అంటే కత్తి తప్పు కాదు. కత్తి బయటికొచ్చాక ఎదురు జా గాడిలోకి నేరుగా దిగుతోందా, అంచుకి రాసుకుంటోందా చూడండి. పాత కత్తి తీసి వెలుతురులో పళ్ళు చూస్తే తెలుస్తుంది. అన్నీ సమంగా మొద్దుబారితే గాడిలో కరిగిన ఫిల్మ్ గట్టిపడి ఉంది, చెక్క పుల్లతో గీకి తీయాలి. ఒక్క పక్కే మెరుస్తూ అరిగితే కత్తి గైడు బుష్ వదులైంది, బుష్ మార్చాలి. వెనక్కి లాగే స్ప్రింగులు రెండూ ఒకే పొడవున్నాయో లేదో కూడా కొలవండి. కత్తి ఇచ్చేటప్పుడు పాతది చేతికి తీసుకుని, అన్ని పళ్ళూ ఉన్నాయో లేదో ఎంచాకే కొత్తది ఇవ్వండి. ఒక్క పన్ను తగ్గినా ఆ మెషిన్ సరుకు, కత్తి పళ్ళన్నీ ఉన్నాయని చివరిసారి చూసినప్పటి దాకా వెనక్కి ఆపాల్సిందే.